రెక్కల్లేని కీచురాయి

ఏం చేస్తారని అడిగితే

కప్పల్ని చూసుకునే ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు నా మొదటి సలహా ఇది. పార్టీల్లో ఎవరైనా ఏం చేస్తారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పకండి. నేను చెప్పి చెడిపోయాను.

కెనడాలోని మిల్టన్‌లో మా టౌన్‌హౌస్ వరుసలో కొన్ని తెలుగు కుటుంబాలున్నాయి. కొత్తగా దిగిన రోజుల్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కు పిలిచారు. ఎవరేం చేస్తారో వరసగా చెప్పుకుంటున్నారు. ఒకాయన క్లౌడ్, ఒకావిడ టెస్టింగ్, ఇంకొకాయన బ్యాంకులో డేటా. నా వంతు వచ్చింది.

"గ్వెల్ఫ్‌లో కప్పల్ని చూసుకుంటానండీ" అన్నాను.

గరిటెలు ఆగిపోయాయి. కాలేజీలో చదువుకుంటున్న ఒకబ్బాయి నన్ను కాపాడబోయాడు. "అంటే రీసెర్చా ఆంటీ?"

"కాదు నాన్నా. తిండి పెడతాను, కింద శుభ్రం చేస్తాను, జబ్బు చేస్తే కనిపెడతాను."

"ఏ టూల్ యూజ్ చేస్తారు?" అన్నాడు డేటా ఆయన, అలవాటు కొద్దీ.

"తడిగుడ్డ" అన్నాను.

ఆ రోజు నేను చేసుకెళ్ళిన పులిహోర తీసుకెళ్ళినట్టే తిరిగొచ్చింది. మరుసటి పాట్‌లక్‌ నుంచి, "సుభద్ర గారూ, మీరు శ్రమపడకండి, పేపర్ ప్లేట్లు తెచ్చేయండి చాలు" అనేవారు. అలా ఎన్నేళ్ళు ప్లేట్లు మోశానో నాకే గుర్తులేదు.

మా అమ్మాయి అయితే స్నేహితురాళ్ళు ఇంటికొచ్చే ముందు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "అమ్మా, ఫ్లైస్ టాపిక్ మాత్రం ప్లీజ్, డోంట్" అనేది. అది కప్పలకు పెట్టడానికి నేను సీసాల్లో పెంచే ఎగరలేని బుల్లి ఈగల సంగతి. డైనింగ్ టేబుల్ మీద పెట్టింది ఒక్కసారే. జీవితాంతం ఎత్తిపొడుస్తోంది.

ఇందులో నా ప్రమోషన్ల గురించి ఏమీ రాయడం లేదు. దాచుకుని కాదు, రాలేదు.

ఆవకాయ మర్నాడు

కాకినాడలో జువాలజీ చదివి, పెళ్ళయి కెనడా వచ్చి, ఏదో ఒక పని అనుకుంటూ గాజు పెట్టెలు కడిగే ఉద్యోగంలో చేరాను. గ్వెల్ఫ్‌లో ఒక ట్రస్టు నడిపే కప్పల కేంద్రం అది. పాత రెండంతస్తుల భవనంలో కింది భాగం మాది. పెట్టెలు కడుగుతూ కడుగుతూ లోపలున్నవాటి మీద మనసు పడింది. చూసుకునేవాళ్ళలో ఒకావిడ మానేస్తే ఆ పని నాకిచ్చారు. రిటైరయ్యే దాకా అదే చేశాను.

కప్ప నోటితో నీళ్ళు తాగదు. చర్మంతో తాగుతుంది. మన చేతికి ఏముంటే అది దాని ఒంట్లోకి పోతుంది. అందుకే క్రీములు, సెంట్లు, శానిటైజర్లు రాసుకుని కప్పల గదిలోకి రాకూడదు. ఇది మీకు శిక్షణలో చెబుతారు. చెప్పనిదొకటుంది. ఆవకాయ కలిపిన మర్నాడు కప్పను ముట్టుకోకూడదు.

"గ్లవ్స్ వేసుకుంటాం కదా ఆంటీ" అంటారు మీరు. వేసుకోండి. మీ ఆవకాయ కారం గ్లవ్స్‌కు ఆగితే మీరు ఆవకాయ సరిగ్గా కలపలేదన్నమాట. నేనయితే ఏటా ఆ రోజు అద్దాలు తుడిచే పని అడిగి తీసుకునేదాన్ని. మా డైరెక్టరు డెనిస్ కారణం అడిగేవాడు. "పచ్చడి" అనేదాన్ని. ఏదో పండగ అనుకున్నాడు పాపం. కొన్నేళ్ళకు అదే వారంలో "హ్యాపీ పచ్చడి" అని పలకరించడం మొదలుపెట్టాడు. నేను సరిదిద్దలేదు. అది పండగ కాదని ఎవరనగలరు?

డెనిస్ మాటలన్నీ ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. నా పేరు పూర్తిగా పలకడం అతని వల్ల కాలేదు, "సుబా" అనేవాడు. చదువు చేపల మీద, ఉద్యోగం కప్పల మీద. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే ఒకసారి నమ్మాడంటే దాన్ని మేకు కొట్టి గోడకు తగిలించేవాడు. గోడ సంగతి ముందు ముందు వస్తుంది.

ఇంకో పని ఆకులు. అడవి నేల మీద బతికే కప్పలకు ఎండుటాకుల పరుపు కావాలి. ఇక్కడ శరత్కాలం వస్తే జనం ఆకులు ఊడ్చి కాగితపు సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడతారు. ఓక్ ఆకులున్న సంచులు ఎవరి పెరట్లోవో కనుక్కుని, అడిగి, కారులో వేసుకొచ్చేదాన్ని. చెత్తబండికి పోయేదాన్ని ఇంత మర్యాదగా అడిగి తీసుకెళ్ళేది ఎవరా అని వీధంతా కర్టెన్లు తొలిగేవి. ఆ ఆకుల్ని మరిగించి, ఆరబెట్టి, అప్పుడు పెట్టెల్లో పరవాలి. కేంద్రంలో పొయ్యి చిన్నది. అందుకని ఇంట్లో పెద్ద గిన్నెలో మరిగించేదాన్ని.

మా ఆయన ప్రకాశరావుది వరంగల్లు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే మూత తీశాడు.

"గోంగూరనా?"

"ఓక్."

"అదేం కూర?"

"కూర కాదండీ, కప్పలకి పక్క."

మూత నెమ్మదిగా పెట్టేసి, ఆ రాత్రి పిజ్జా చెప్పుకున్నాడు. పెళ్ళాం ఉద్యోగం గురించి ఆయన నాతో వాదించింది ఎన్నడూ లేదు. పిజ్జా మాత్రం చాలాసార్లు చెప్పుకున్నాడు.

విండ్సర్ పసిపిల్లలు

ఇప్పుడు అసలు కథ. నా ఉద్యోగంలో నాకేదైనా వచ్చిందంటే అది ఈ ఒక్క పెట్టె నేర్పిందే.

విండ్సర్‌లో ఒకాయన బేస్‌మెంటు నిండా కప్పల్ని పెంచేవాడు. ఉద్యోగం అమెరికా వైపు, డెట్రాయిట్‌కు మారింది. కప్పల్ని బోర్డర్ దాటించాలంటే ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. మాకు ఫోన్ చేసి, తీసుకెళ్ళమన్నాడు. చలికాలం. నేను, మా ఆయన కారులో వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో నా ఒళ్ళో ఐస్‌బాక్సు, అందులో డబ్బాల్లో కప్పలు. కారులో వేడి ఎక్కువైతే అవి తట్టుకోలేవని హీటరు ముట్టుకోనివ్వలేదు. ప్రకాశరావు టోపీ, మఫ్లరు, జాకెట్టు, నా శాలువా కూడా కప్పుకుని నాలుగు గంటలు డ్రైవ్ చేశాడు.

"నాకన్న కప్పకు మర్యాద ఎక్కువైంది ఈ ఇంట్ల" అన్నాడు, దారిలో లండన్ అనే ఊరు దాటాక.

వాటిలో ఒక డబ్బాలో ఉన్నవి గోధుమరంగు బుడతలు. బొటనవేలి గోరంత ఒక్కొక్కటి. వీపు మీద డమరుకం ఆకారంలో ముదురు మచ్చ. పశ్చిమాఫ్రికా వైపు కామెరూన్ వర్షారణ్యాల్లో ఆకుల కింద బతికే రకం. డబ్బా మీద విండ్సర్ ఆయన మార్కరు పెన్నుతో రాసిన పేరు ఆ అడవిలోదే, అరచేతిని నింపే ఒక పెద్ద కప్పది. కింద "పిల్లలు" అని ఉంది.

డెనిస్ ఆ పిల్లల్ని చూసి పొంగిపోయాడు. లాబీ గోడ మీద పెద్ద బోర్డు పెట్టించాడు. "మేం పెరుగుతుంటే చూడండి!" అని రాసి, పెరిగాక ఉండబోయే కప్ప బొమ్మ నిలువెత్తున గీయించి, పక్కన స్కూలు పిల్లల ఎత్తు కొలిచే గోడల్లా స్కేలు వేయించాడు. నెలకోసారి ఒక కప్పను కొలిచి, స్కేలు మీద పెన్సిలుతో తనే గీత పెట్టేవాడు.

మేం తినిపించాం. పెరిగే వయసు కదా అని ఇంకొంచెం తినిపించాం. కాల్షియం పొడిలో దొర్లించి, అప్పుడే పుట్టిన కీచురాయి పిల్లల్ని, బుల్లి ఈగల్ని, బొగ్గు ముక్కల మీద పెంచిన నలకలంత పురుగుల్ని పెట్టాం. అవి పొడుగు పెరగలేదు, గుండ్రంగా అయ్యాయి. కొన్నిటికి ముందుకాలి మూడోవేలు మిగతా వేళ్ళను దాటి సాగింది. బలం చాలక వంకర తిరుగుతోందేమో అని డెనిస్ కంగారుపడి కాల్షియం పెంచమన్నాడు. పెంచాం.

గోడ మీద గీత మీద గీత పడి ఆ గీత లావయింది తప్ప ఒక్కటీ పైకి పోలేదు.

"నిదానంగా పెరిగే జాతి" అనేవాడు డెనిస్, బడిపిల్లలు అడిగితే. ఒక చిన్నపిల్ల బోర్డునీ పెట్టెనీ మార్చి మార్చి చూసి, "మా తాతయ్య కూడా అంతే, ఇంక పెరగడు" అంది. అందరం నవ్వాం. నవ్వకుండా ఆ మాట వినుంటే మాకు బోలెడు కాల్షియం మిగిలేది.

కీచురాయి వేట

కప్పల గదిలో ఎప్పుడూ ఒక గొడవుంటుంది. తిండికి తెచ్చిన కీచురాళ్ళలో ఒకటో రెండో చెయ్యి జారి పారిపోతాయి. ఏ అలమారా వెనకో చేరి కీచుమంటాయి. కప్పల దగ్గర పనిచేసేవాళ్ళకు ఆ చప్పుడు వింటే చెయ్యి దానంతటదే చీపురు మీదికి పోతుంది. పట్టేదాకా నిద్రపట్టదు.

ఆ పెట్టె వచ్చిన కొన్నాళ్ళకు గదిలో కీచుకీచుమని మొదలయింది. సన్నగా, ఆగి ఆగి. అది కూస్తే అందరం లేచేవాళ్ళం. అలమారాలు జరిపాం. అట్టముక్కలకు జిగురు పూసి మూలల్లో పెట్టాం. అవి నా చెప్పుల్నీ, ఒకసారి డెనిస్ టైనీ పట్టుకున్నాయి గానీ కీచురాయిని పట్టలేదు. దగ్గరికి వెళ్తే ఆగిపోతుంది. వెనక్కి తిరిగితే కూస్తుంది. ఇంత తెలివైన కీచురాయిని నేనెక్కడా చూడలేదు.

పై అంతస్తులో ధ్యానం క్లాసులు నడిపే ఒకావిడ ఉండేది. స్పీకర్లో అడవి చప్పుళ్ళు పెట్టి, అందరినీ కళ్ళు మూసుకుని అడవిలో ఉన్నట్టు ఊహించుకోమనేది. కింది నుంచి నిజంగా అడవి వినబడేసరికి ధ్యానం చెడిపోతోందని భవనం యజమానికి కంప్లయింటు పెట్టింది. యజమాని డెనిస్‌ను పిలిచి, పురుగుల మందు కొట్టించకపోతే లీజు సంగతి మళ్ళీ ఆలోచిస్తానన్నాడు.

చర్మంతో తాగే ప్రాణులున్న గది అది. మందు కొట్టేటప్పుడు కప్పల్ని బయట పెట్టొచ్చు. తర్వాత తెచ్చి పెట్టాల్సింది ఆ గోడల మధ్యే, ఆ తేమలోనే.

"కంపెనీవాళ్ళు పెంపుడు జంతువులకు సేఫ్ అంటున్నారు, సుబా."

"కుక్కకి సేఫ్ డెనిస్. కుక్క గోడల్ని ఒంటితో తాగదు."

"నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు. "లీజు పోతే అన్నీ పోతాయి. ఈ ఒక్క గదేగా. ఆ పిల్లలెలాగూ సరిగ్గా పెరగడం లేదు."

అంటే మందు కొట్టబోయేది సరిగ్గా ఆ బుడతలుండే గదిలోనే. వాటికి ఏమైనా అయితే సర్దుకుందామనే మాట అది. ఆ రోజు అతని మీద నిజంగా కోపం వచ్చింది. ఈ ఉద్యోగంలో బాసులు చెడ్డవాళ్ళై ప్రాణులు పోవడం తక్కువ, ఇరుక్కున్నవాళ్ళై పోవడమే ఎక్కువ. దాన్ని మీరు ముందే తెలుసుకుని ఉండండి.

మందు కొట్టే లోపల ఆఖరి ప్రయత్నంగా డెనిస్ ఆ గదిలోకి కీచురాళ్ళు తేవడం నిషేధించాడు. ఈగలు, నలకపురుగులు మాత్రమే. కూత ఆగలేదు, ఇంకా పెరిగింది. ఎవరో దొంగతనంగా తెస్తున్నారని అనుమానం పుట్టింది. ఎవరో అంటే నేనే, రోజూ ఆ గదిలో ఉండేదాన్ని. ఒక పొద్దున డెనిస్ క్షమాపణలు చెబుతూ నా లంచ్ బ్యాగు తెరిచి చూశాడు. అందులో దొండకాయ వేపుడు తప్ప ఇంకేమీ దొరకలేదు. కాసేపు వేపుడును కూడా అనుమానంగా చూశాడు.

ఆ అవమానంతో తిండి సహించక గదిలో ఊరికే కూచున్నాను. అప్పుడు తట్టింది. ఈ గదిలోకి మేం ఎన్నడూ పెద్ద కీచురాళ్ళు తేలేదు. బుడతల నోటికి పట్టవని అప్పుడే పుట్టిన పిల్లల్నే తెచ్చాం. కీచురాయి కూసేది రెక్కలు రాసుకుని. పిల్లలకు రెక్కలుండవు. రెక్కల్లేని కీచురాయి దేంతో కూస్తుంది?

సీసాతో పెట్టెలో నీళ్ళు చిలకరించి, స్టూలు మీద కదలకుండా కూచున్నాను. కొంతసేపటికి ఒక ఓక్ ఆకు అంచున డమరుకం మచ్చ కదిలింది. గొంతు కింద చర్మం మినప్పప్పు గింజంత ఉబ్బింది.

కీచ్.

మూడోవేలు పొడుగున్నదే అది. బలం చాలక సాగిన వేలు కాదు, మగతనం గుర్తు. అవి పిల్లలు కావు. మా దగ్గరికొచ్చిన నాటికే పెద్దవాళ్ళు. ఇంతకాలం మేం పెళ్ళి పాటలు పాడేవాళ్ళ మీదికి చీపుర్లు తీసుకెళ్ళాం. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

బాసుకు నిజం చెప్పడం ఎలా

ముందు నేను నేరుగానే చెప్పాను. అది నా తెలివితక్కువ.

"డెనిస్, కూస్తున్నది కీచురాయి కాదు, కప్పలే. అవి పెద్దవి."

డెనిస్ లాబీ వైపు చూశాడు, బోర్డు వైపు. దాని ముందు చందాలిచ్చిన పెద్దమనుషులు ఫోటోలు దిగారు. "పిల్లలు పాడవు, సుబా" అన్నాడు మెల్లగా.

"పిల్లలు కాదంటున్నాను కదా."

"నువ్వు అలిసిపోయావు. బ్యాగు విషయంలో మళ్ళీ సారీ."

గదిలోకి లాక్కొచ్చి నిలబెడితే, మా అలికిడికి ఒక్కటీ నోరు తెరవలేదు. మందు కొట్టేవాడు సోమవారం వస్తాడని చెప్పి వెళ్ళిపోయాడు.

పిల్లలూ, బాసుకు నిజం చెప్పడం వేరు, బాసు నిజాన్ని తనే తొక్కి జారిపడేలా చేయడం వేరు. మొదటిదానికి ధైర్యం చాలు. రెండోదానికి ఏర్పాట్లు కావాలి.

ఆ శనివారం అన్నాల దగ్గర ప్రకాశరావుకు అంతా చెప్పాను. ఆయన పప్పు కలుపుకుంటూ తాపీగా విన్నాడు.

"మా చిన్నప్పుడు వానలు పడకపోతే కప్పతల్లి ఆడేటోళ్ళం" అన్నాడు. "రోకలికి వేపమండలు గట్టి, నడుమ కప్పను గట్టి, ఇల్లిల్లు తిరిగేటోళ్ళం. ప్రతి ఇంటామె బిందె దెచ్చి కప్ప మీద నీళ్ళు పోసుడే. నీళ్ళు పడంగనే అది ఎట్ల అర్సేదో!"

"అయితే?"

"అయితే ఏంది? మీ డెనిస్‌ను గదిల కూసోబెట్టు. కప్ప మీద నీళ్ళు పొయ్యి. అదే చెప్తది."

"నేను లోపలుండి పోస్తే నన్ను చూసి ఊరుకుంటుందండీ."

"బయట ఉండి పొయ్యి మరి. మీకాడ వానకు స్విచ్చి ఉంటది గదా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా ఉద్యోగానికి ఇచ్చిన సలహా ఇదొక్కటే. అక్కడ వాన కోసం కప్పను ఊరేగిస్తారు. ఇక్కడ కప్ప కోసం వానను కురిపించాలి. పెట్టెల పైన సన్నని గొట్టాలుంటాయి. పంపు నడిస్తే వాటిలోంచి జల్లు పడుతుంది. పొద్దున, సాయంత్రం టైమరు నడుపుతుంది. అవసరమైతే నొక్కడానికి గది బయట, నడవాలో, సింకు పక్కన ఒక స్విచ్చి ఉంది.

వాన

సోమవారం డెనిస్ నాకంటే ముందే వచ్చాడు. పంపు దగ్గర వంగి ఏదో సర్దుతున్నాడు. నన్ను చూసి గుడ్ మార్నింగ్ చెప్పి తప్పుకున్నాడు. మందు కొట్టే ఆయన వచ్చాడు. భారీ మనిషి. మోకాళ్ళకు మెత్తలు, చేతిలో టార్చి, వీపున డబ్బా.

"ముందు పురుగు ఎక్కడుందో చూపించండి. ఊరికే గదంతా కొట్టడం నాకూ ఇష్టముండదు" అన్నాడు.

"డెనిస్, మీరే చూపించండి. మీకు చెవులు బాగా పనిచేస్తాయి" అన్నాను. నా జీవితంలో ఇచ్చిన అతి పెద్ద కాంప్లిమెంటు అదే.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపుకు గుండ్రని అద్దం ఉంది. దానికి ముక్కు ఆనించి చూస్తూ, చెయ్యి సాచి స్విచ్చి నొక్కాను. వాన పడింది. వదిలేశాను.

కీచ్.

ఇద్దరూ అలమారా వైపు తిరిగారు. టార్చి వెనక్కి పోయింది. కూత ఆగింది. మళ్ళీ నొక్కాను. కీచ్, కీచ్. ఈసారి పెట్టె వైపు తిరిగారు. డెనిస్ మోకాళ్ళ మీద కూచున్నాడు. పెట్టె కింద వెతికాడు, వెనక వెతికాడు. నాకు నవ్వు ఆగడం లేదు. భయం కూడా ఆగడం లేదు. ఇదంతా తేలకపోతే ఆ డబ్బాలో మందు ఈ గోడల మీద పడుతుంది. మూడోసారి నొక్కాను. డెనిస్ చెవి అద్దానికి ఆనించాడు. నాలుగోసారి నొక్కేసరికి, చెవి తీసి ముక్కు ఆనించి, అలాగే ఉండిపోయాడు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. "సుబా! ఇలా రా. నేనొకటి కనిపెట్టాను."

వెళ్ళాను. చేతులు పని కోటుకు తుడుచుకుని మరీ వెళ్ళాను.

"ఇవి పిల్లలు కావు. పెద్దవి. కూస్తున్నది ఇవే!"

"అయ్యో, అవునా!" అన్నాను.

మందు ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "కప్పలకు మా దగ్గర మందు లేదు" అని డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు వేదమంత్రంలా వినిపించింది.

డెనిస్ యజమానితో మాట్లాడాడు. పైనున్న ధ్యానం ఆవిడకు నేను చెప్పాను. మీరు వింటున్నది ఆఫ్రికా వర్షారణ్యపు కప్ప, ఈ పాట ఇంత దగ్గరగా విన్నవాళ్ళు లోకంలో కొద్దిమందే అన్నాను. మరుసటి వారం ఆవిడ స్పీకరు కట్టేసింది. క్లాసు పేరు మార్చి, "నిజమైన అడవి" అని బోర్డు పెట్టింది. ఇప్పుడు కూత తగ్గితే కంప్లయింటు వస్తుంది.

వినేవాళ్ళు, చూసేవాళ్ళు

కామెరూన్‌లో ఇలాంటి కప్పల మీదే పనిచేసే ఒక శాస్త్రవేత్తకు ఫోటోలు, కూత రికార్డింగు పంపాం. వీడియో కాల్‌లో ఆవిడ చాలాసేపు నవ్వింది. ఇవి కీచు కప్పలు, ఆర్థ్రోలెప్టిస్ అనే ప్రజాతిలోవి, ఏ జాతి అన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేను, ఇంత చిన్నవాటి గురించి తెలిసింది తక్కువ అంది. అంతే గానీ తెలిసినట్టు నటించలేదు. నాకు ఆవిడ మీద గౌరవం అక్కడే పుట్టింది.

"మేం అడవిలో రోజూ వింటాం, కంటికి కనబడవు. మీరు రోజూ చూస్తూ వినలేదు" అంది.

ఇంకోటి కూడా చెప్పింది. వీటికి తోకకప్పలుండవు. గుడ్లు నీళ్ళలో కాదు, ఆకుల కింద తడినేలలో పెడతాయి. లోపలే పెరిగి, నేరుగా బుల్లి కప్పలై బయటికొస్తాయి. నేను వారం వారం ఆకుల పరుపు చెత్తలో పారేసి కొత్తది వేసేదాన్ని, శుభ్రతకు కేంద్రంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. ఆ మాట విన్నాక కొన్నాళ్ళు ఓక్ చెట్టు కనబడితే తల తిప్పుకున్నాను.

ఆకులు కదపడం మానేశాం. వాన పెంచాం. తిండి తగ్గించాం. ఒక మధ్యాహ్నం ఒక ఆకు మీద బియ్యపు గింజ ఒకటి కనబడింది. ఎక్కడిదా అనుకుంటూ వంగితే అది గెంతింది. నేను గట్టిగా అరిచాను. డెనిస్ పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం పెట్టె ముందు వంగి చూశాం. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నావి సరే సరి.

లాబీలో పాత బొమ్మ తీసేసి, స్కేలు మాత్రం ఉంచాడు. లావుపాటి గీత పక్కన "పూర్తిగా పెరిగాయి. ఇంతే" అని రాయించాడు. దాని కింద, ఈసారి నిజంగా పిల్లల కోసం, సన్నగా కొత్త గీత పెట్టాడు.

స్విచ్చి

నా వీడ్కోలు సభలో డెనిస్ మాట్లాడాడు. అతి తెలివైన కీచురాయి గురించి, తను మోకాళ్ళ మీద పాక్కుంటూ చేసిన పరిశోధన గురించి, సరిగ్గా ఆ సమయానికి అదృష్టం కొద్దీ టైమరు వాన కురిపించడం గురించి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాసులు ఇంతే, ఎత్తుకొచ్చి వాళ్ళ చేతిలో పెట్టినా తామే తవ్వి తీశామంటారు అనుకున్నాను. మీకు రాయడానికి ఒక పాఠంగా కూడా అట్టే పెట్టుకున్నాను.

సభ అయ్యాక ఒక చిన్న పెట్టె చేతిలో పెట్టాడు. విప్పితే, చెక్క పలక మీద బిగించిన పాత స్విచ్చి ఒకటి. సింకు పక్కన ఉండేదే.

"కొత్తది వేయించాం" అన్నాడు డెనిస్. గొంతు తగ్గించాడు. "సుబా, మందు కొట్టేవాడు తడవకూడదని ఆ పొద్దున టైమరు నేనే ఆపేశాను."

నేను పలకను అటూ ఇటూ తిప్పి చూశాను.

"మొదటి వానకే అర్థమయింది. తలుపు అద్దంలో నీ ముక్కు కూడా కనబడింది."

"మరి... అంతసేపు వెతికారెందుకు?"

"నా సొంతంగా వినాలనిపించింది. నువ్వు అంతకుముందు చెప్పినప్పుడు వినలేదు కదా. నాలుగోసారికి మోకాళ్ళు నొప్పెట్టాయి, ఇంక కనిపెట్టేశాను." మోకాలు తడుముకున్నాడు. "నేను కనిపెట్టానంటే యజమాని విన్నాడు. నువ్వు కనిపెట్టావని చెబితే, నీ మాట నమ్మని నన్ను ముందు తిట్టేవాడు. పిరికితనమే అనుకో. హ్యాపీ పచ్చడి, సుబా."

ఆ పండగ సంగతి కూడా అతనికి ఎంతకాలంగా తెలుసో నేను అడగలేదు. కారులో కూచుని చాలాసేపు ఏడ్చాను. బాసుల మీద రాసిపెట్టుకున్న ఆ పాఠాన్ని కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో నాకింకా తెలియదు.

స్విచ్చిని ప్రకాశరావు వంటింటి గోడకు బిగించాడు. వైరు లేదు, దేనికీ కలపలేదు. మొన్న మా అమ్మాయి వచ్చి, "వాట్ డజ్ దిస్ డూ?" అని వేలు పెట్టబోయింది.

"నొక్కకు బిడ్డా" అన్నాడు ప్రకాశరావు. "నొక్కితే మీ అమ్మ కూత మొదలువెడ్తది."

అది వినకుండా నొక్కింది. ఇదంతా అందుకే.